నేల చూసి టైరు, టైరు చూసి రిమ్ము: ఆల్ టెర్రైన్ టైర్లు, నల్ల రిమ్ముల ఎంపికకు సమగ్ర మార్గదర్శి

విజయవాడ ఆటోనగర్‌లో రిమ్ముల దుకాణం మెట్లెక్కిన జీపు యజమాని ముందుగా అడిగేది సాధారణంగా నలుపులో ఏయే డిజైన్లు ఉన్నాయనే. రిమ్ము నచ్చాక దానికి పట్టే టైరును దుకాణదారు చూపిస్తాడు. ఆ టైరు తన బండి తిరిగే నేలకు పనికొస్తుందా లేదా అన్న ప్రశ్న మాత్రం తొలకరి వానలకు ప్రత్తిపాడు వైపు ఏ డొంకలోనో దిగబడినప్పుడు గాని తలెత్తదు. ఈ వరుసను తిరగవేసుకుంటే డబ్బూ మిగులుతుంది, బండీ క్షేమంగా ఉంటుంది. ముందు నేల, తర్వాత టైరు రకం, ఆ తర్వాత కొలత, దాన్నిబట్టి రిమ్ము, అన్నిటికన్నా చివర రంగు. మహీంద్రా థార్, థార్ రాక్స్, మారుతి జిమ్నీ, ఫోర్స్ గూర్ఖా, టయోటా ఫార్చ్యూనర్ వంటి బళ్లను దృష్టిలో ఉంచుకొని రాసినా, ఇందులోని లెక్కలు ఏ ఫోర్ వీల్ డ్రైవ్ బండికైనా వర్తిస్తాయి.

మొదటి మెట్టు: బండి నిజంగా తిరిగే నేల ఏది

గడచిన ఏడాదిలో మీ బండి ఎక్కడెక్కడ తిరిగిందో నిజాయితీగా ఒక కాగితం మీద రాసుకోండి. మన ప్రాంతంలో చాలామందికి అందులో పెద్ద వాటా 16వ నంబరు, 65వ నంబరు జాతీయ రహదారులది, ఆపైన నగర వీధులది, గ్రామాల సిమెంటు రోడ్లది అవుతుంది. మిగిలిన కొద్ది వాటాలో మట్టి దారులు, పొలం గట్లు, కొండ దారులు వస్తాయి. ఆల్ టెర్రైన్ టైరు అన్నది సరిగ్గా ఇలాంటి మిశ్రమ వాడకానికి పుట్టిన రాజీ. రహదారి మీద హైవే టైరు కంటే కొంచెం మోత చేస్తుంది, కొంచెం ఎక్కువ డీజిలు తాగుతుంది, తడి తారుపై బ్రేకు వేస్తే కొన్ని రకాలు ఇంకాస్త దూరం వెళ్లి ఆగుతాయి. అందుకు ప్రతిగా కంకర మీద, గులకరాళ్ల మీద, గట్టి ఎర్రమట్టి మీద పట్టునిస్తుంది, కోతలకు తట్టుకుంటుంది. పూర్తిగా బురద కోసం చేసిన మడ్ టెర్రైన్ టైరును రోజూ బెంజి సర్కిల్ మీదుగా ఆఫీసుకు వెళ్లే బండికి వేయించడం, నా దృష్టిలో, మోతను డబ్బు పెట్టి కొనుక్కోవడమే.

మన చుట్టుపక్కల నేల ఒక్క రకం కాదు. తాడికొండ, తుళ్లూరు, ప్రత్తిపాడు, నందిగామ వైపు నల్లరేగడి. కొండపల్లి కొండల పక్కన రాళ్లు, ఎర్ర కంకర. కృష్ణా లంకల్లో ఇసుక. బాపట్ల దగ్గర సూర్యలంక, బందరు దగ్గర మంగినపూడి తీరాల్లో ఇసుకతో పాటు ఉప్పు. వీటిలో నల్లరేగడి గురించి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే టైర్ల ప్రకటనల్లో కనిపించే బురదకూ మన బురదకూ పోలిక లేదు. నల్లరేగడిలో నీటిని పీల్చి ఉబ్బే బంకమన్ను పాలు చాలా ఎక్కువ. ఎండాకాలంలో చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చే ఆ నేలే, ఒక గట్టి వాన పడగానే జిగురుగా మారి టైరు గాడులన్నిటినీ పూడ్చేస్తుంది. గాడులు పూడిన తర్వాత ఎంత ఖరీదైన టైరైనా నున్నటి రోకలిలాగా తిరుగుతుందే తప్ప ముందుకు కదలదు. కాబట్టి ఏ ఆల్ టెర్రైన్ టైరూ తడిసిన నల్లరేగడిని జయించదని ముందే ఒప్పుకొని, దానిలో కొంతైనా మెరుగ్గా పనిచేసే లక్షణాలను వెదకాలి. లేదా ఇంకో రెండు రోజులు ఆగి నేల ఆరాక వెళ్లాలి. పొలం ఉన్న రైతులెవరూ వాన పడిన మర్నాడు ఆ డొంకల్లో ట్రాక్టరు కూడా దించరన్నది గమనించదగ్గ విషయం.

ఇసుకది వేరే కథ. అక్కడ లోతైన గాడుల కంటే టైరు నేలను ఎంత వెడల్పుగా, పొడవుగా ఆనుకొని ఉందన్నదే ముఖ్యం. అది గాలి తగ్గించడం వల్ల వస్తుంది, గాలి తగ్గించడానికి సైడ్‌వాల్ (రిమ్ము అంచుకూ నేలను ఆనే ముఖానికీ మధ్య ఉన్న టైరు పక్కగోడ) ఎత్తు కావాలి. ఈ మాటను గుర్తు పెట్టుకోండి, రిమ్ము సైజు దగ్గర మళ్లీ అవసరం పడుతుంది. నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యంలోనూ, ఇతర రిజర్వు అడవుల్లోనూ దారి వదిలి బండి నడపడం చట్టవిరుద్ధం. కాబట్టి నల్లమల కోసమని ప్రత్యేకంగా టైరు ఎంచుకోనక్కరలేదు.

రెండవ మెట్టు: టైరు ముఖాన్ని చదవడం

టైరును నిలబెట్టి ఎదురుగా చూడండి. రబ్బరు దిమ్మెలకూ (మన మెకానిక్కులు బటన్లనేవి ఇవే) వాటి మధ్య ఖాళీలకూ ఉన్న నిష్పత్తిని ముందు గమనించాలి. ఖాళీలు ఎక్కువైతే మట్టి వదులుతుంది, మోత పెరుగుతుంది. తక్కువైతే రహదారి మీద హాయి, మట్టిలో ఇబ్బంది. నల్లరేగడి వైపు పని ఉన్నవారు టైరు రెండు అంచులను, అంటే భుజాలను, తప్పక చూడాలి. భుజం వైపు గాడులు బయటికి తెరుచుకొని ఉంటే చక్రం తిరిగేటప్పుడు బంకమట్టి పక్కలకు విసరబడుతుంది. అంచుల దగ్గర గాడులు మూసుకుపోయిన డిజైన్లలో మట్టి పోవడానికి దారి ఉండదు.

తర్వాత ప్రతి బటన్ మీద ఉండే సన్నని కత్తిగాట్లను చూడండి. దిమ్మె అంచులను పెంచి, తడి తారు మీద నీటిపొరను తుంచి, టైరు జారకుండా ఆపేవి ఇవే. జులై నుంచి అక్టోబరు దాకా వానల్లో గంటకు 90 కిలోమీటర్ల వేగంతో గుంటూరు, విజయవాడల మధ్య తిరిగేవారికి ఈ గాట్లు భుజం గాడులంత ముఖ్యం. నా అభిప్రాయంలో ఇంకా ముఖ్యం, ఎందుకంటే మట్టిలో దిగబడితే ట్రాక్టరు పిలిచి లాగించుకోవచ్చు గాని, లారీ వెనుక బ్రేకు పడకపోతే చేసేదేమీ లేదు.

గాడుల అడుగున చిన్న చిన్న దిబ్బలు కనిపిస్తే అవి ఇరుక్కున్న రాళ్లను బయటికి నెట్టడానికి పెట్టినవి. క్వారీ దారుల్లో తిరిగేవారికి అవి పనికొస్తాయి. కొత్త హైవే టైరులో గాడి లోతు ఏడెనిమిది మిల్లీమీటర్ల వరకు ఉంటే, ఆల్ టెర్రైన్ టైరులో పది నుంచి పన్నెండు, పదమూడు మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. దుకాణంలో గాడి లోతు కొలిచే చిన్న సాధనం ఉంటుంది, అడిగి కొలిపించండి.

మన మార్కెట్లో దొరికే వాటిలో సియట్ జార్ ఏ/టీ, అపోలో ఆప్టెరా ఏటీ2, యోకోహామా జియోలాండర్ ఏ/టీ, మాక్సిస్ బ్రావో, బ్రిడ్జ్‌స్టోన్ డ్యూలర్ ఏ/టీ, బీఎఫ్ గుడ్‌రిచ్ ఆల్ టెర్రైన్ ముఖ్యమైనవి. వీటిలో బీఎఫ్ గుడ్‌రిచ్ గట్టి సైడ్‌వాల్‌కు, రాళ్ల దారులకు పేరుపొందినది. బరువూ ఎక్కువే. జియోలాండర్ రహదారి వైపు మొగ్గే రకం. ఎవరిది గొప్పదన్న వాదన అనవసరం. పైన చెప్పిన లక్షణాలను ఒక్కొక్క టైరు ముఖాన స్వయంగా చూసి నిర్ణయించుకోవడం మేలు.

మూడవ మెట్టు: సైడ్‌వాల్ మీది అక్షరాలు

255/65 ఆర్18 109 ఎస్ అని ఉంటే, టైరు వెడల్పు 255 మిల్లీమీటర్లు, సైడ్‌వాల్ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం, నిర్మాణం రేడియల్, రిమ్ము వ్యాసం 18 అంగుళాలు అని అర్థం. 109 అన్నది భారం మోసే సూచిక, ఒక్కో టైరు 1030 కిలోలు మోయగలదని చెబుతుంది. 110కి 1060 కిలోలు, 112కి 1120 కిలోలు. చివరి అక్షరం వేగ పరిమితి. క్యూ అంటే గంటకు 160, ఆర్ అంటే 170, ఎస్ అంటే 180, టీ అంటే 190, హెచ్ అంటే 210 కిలోమీటర్లు. కంపెనీ ఇచ్చిన టైరు కంటే భార సూచిక తక్కువగా ఉన్న టైరును ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోవద్దు. వేగ సూచిక విషయంలోనూ కంపెనీ పేర్కొన్న దానికి తగ్గకపోవడమే సురక్షితం.

కొలతకు ముందు ఎల్‌టీ అన్న అక్షరాలుంటే అది తేలికపాటి ట్రక్కుల కోసం చేసిన టైరు. దాని లోపలి పొరలు మందంగా ఉంటాయి, కోతకు బాగా తట్టుకుంటుంది. అయితే ఒక్కో టైరుకు నాలుగైదు కిలోల బరువు అదనంగా రావచ్చు, అంతే భారం మోయడానికి మామూలు టైరు కంటే ఎక్కువ గాలి కావాలి, గతుకుల్లో బండి కొట్టుకుంటుంది. సామాను వేసుకొని కొండల్లో తిరిగేవారికి అది సబబే. నగరంలో పిల్లలను బడికి దింపే బండికి అక్కరలేదు. జిమ్నీ వంటి తేలికైన బండికైతే ఎల్‌టీ టైరు అసలు బరువే.

పర్వతం బొమ్మలో మంచు నక్షత్రం గుర్తు ఉంటే ఆ టైరు మంచు పరీక్షలో నెగ్గిందని అర్థం. మే నెలలో 45 డిగ్రీలు చూసే విజయవాడలో ఆ గుర్తు కోసం అదనంగా ఒక్క రూపాయి కూడా ఇవ్వనక్కరలేదు.

ఇక తప్పక చూడవలసినవి రెండు. ఒకటి, టైరు మీద ఐఎస్ఐ గుర్తు. దేశంలో అమ్మే బండి టైర్లకు అది తప్పనిసరి, కార్ల తరహా టైర్లకు ప్రమాణం సంఖ్య ఐఎస్ 15633. రెండు, తయారీ తేదీ. అండాకారపు గడిలో నాలుగు అంకెలుంటాయి. 2325 అంటే 2025వ సంవత్సరం 23వ వారం. ఆల్ టెర్రైన్ టైర్లు మామూలు వాటంత వేగంగా అమ్ముడుపోవు కనుక, రేకుల గోదాములో రెండు వేసవులు చూసిన టైరు మీ చేతికి రావడం అసాధ్యమేమీ కాదు. నాలుగు టైర్ల తేదీలూ విడివిడిగా చూసి, ఏడాది దాటిన వాటిని తిప్పి పంపండి. బిల్లులో పన్ను కూడా సరిచూసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త టైర్లపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది.

నాల్గవ మెట్టు: కొలతల లెక్క

ఇక్కడే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకుంటారు కనుక కాస్త నిదానంగా చదవండి. టైరు మొత్తం వ్యాసం తెలుసుకోవడానికి సైడ్‌వాల్ ఎత్తును రెండుతో గుణించి రిమ్ము వ్యాసాన్ని కలపాలి. ఒక అంగుళం 25.4 మిల్లీమీటర్లు. 255/65 ఆర్18లో సైడ్‌వాల్ 165.75 మిల్లీమీటర్లు, రెండు వైపులా కలిపి 331.5, రిమ్ము 457.2, మొత్తం 788.7 మిల్లీమీటర్లు. ఇది థార్ 18 అంగుళాల రిమ్ముల బళ్లకు కంపెనీ ఇచ్చిన కొలత.

దీన్ని 265/65 ఆర్18కి మారిస్తే వ్యాసం 801.7 అవుతుంది. పెరుగుదల 13 మిల్లీమీటర్లు, అంటే సుమారు 1.6 శాతం. బండి నేల నుంచి లేచేది అందులో సగమే, ఆరున్నర మిల్లీమీటర్లు. చూపుకు టైరు నిండుగా కనిపిస్తుంది, స్పీడోమీటరు 100 చూపినప్పుడు అసలు వేగం ముందరి కంటే ఒకటిన్నర కిలోమీటరు ఎక్కువ ఉంటుంది, అంతే. అదే 275/70 ఆర్18 వేస్తే వ్యాసం 842 దాటుతుంది, పెరుగుదల దాదాపు ఏడు శాతం. అప్పుడు గేరు నిష్పత్తి మారినంత పని అవుతుంది. ఇంజను లాగలేక మీరు ఒక గేరు కింద నడపవలసి వస్తుంది, బ్రేకుల మీద భారం పెరుగుతుంది, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపలి ప్లాస్టిక్కుకు రాసుకుంటుంది, ఆపైన సస్పెన్షన్ ఎత్తు పెంచే కిట్టు కూడా అవసరమని దుకాణదారు చెబుతాడు. కొలత పెంచాలనుకుంటే మొత్తం వ్యాసంలో పెరుగుదల రెండు శాతం లోపల ఉండేలా చూసుకోవడం నేను సూచించే హద్దు. జిమ్నీకి కంపెనీ ఇచ్చే 195/80 ఆర్15 వ్యాసం 693. దాని స్థానంలో చాలామంది వేసే 215/75 ఆర్15 వ్యాసం 703.5. పెరుగుదల ఒకటిన్నర శాతమే కనుక అది ఈ హద్దులోనే ఉంది.

ఇప్పుడు ఇదే లెక్కను తిప్పి చూద్దాం. థార్ రాక్స్ పై వేరియంట్లకు ఇచ్చే 255/60 ఆర్19 వ్యాసం 788.6. కింది వేరియంట్ల 255/65 ఆర్18 వ్యాసం 788.7. పదిహేడు అంగుళాల రిమ్ము మీద 255/70 ఆర్17 వేస్తే 788.8. మూడింటి వ్యాసం దాదాపు ఒకటే, కాని సైడ్‌వాల్ ఎత్తు 153 నుంచి 165.75కు, అక్కడినుంచి 178.5కు పెరిగింది. రిమ్ము చిన్నదయ్యేకొద్దీ టైరులో గాలి ఉండే చోటు పెరుగుతుంది. రాయి తగిలినప్పుడు రిమ్ము అంచుకు దెబ్బ పడే అవకాశం తగ్గుతుంది. లంకల ఇసుకలో గాలి తగ్గించినప్పుడు టైరు చక్కగా పరుచుకుంటుంది. కనుక మట్టి దారులు నిజంగా తొక్కేవారు రిమ్ము సైజు పెంచకూడదు, వీలైతే ఒక అంగుళం తగ్గించాలి. నల్లటి ఇరవై అంగుళాల రిమ్ము ఏలూరు రోడ్డు మీద ఎంత ఠీవిగా ఉన్నా, క్వారీ దారిలో అది మొదటి రాయికే అంచు ఒంగే రిమ్ము.

అయితే తగ్గించే ముందు ఒక పరీక్ష ఉంది. చిన్న రిమ్ము లోపల బ్రేకు క్యాలిపర్‌కు (బ్రేకు పళ్లేన్ని పట్టి ఆపే భాగానికి) చోటు చాలాలి. మూడు తలుపుల థార్‌లో 16 అంగుళాల రిమ్ముపై 245/75 టైరుతో వచ్చిన వేరియంటు ఉంది కనుక అక్కడ 17కు ఇబ్బంది ఉండదు. రాక్స్‌కైతే ఖాళీ రిమ్మును ఒకసారి బిగించి చేత్తో తిప్పి చూశాకే డబ్బు కట్టండి. ముందు, వెనుక చక్రాలు రెండింటికీ ఈ పరీక్ష చేయాలి. ఫార్చ్యూనర్ యజమానులకు పని మరీ సులువు, కంపెనీయే 265/65 ఆర్17, 265/60 ఆర్18 రెండూ ఇచ్చింది, రెండింటి వ్యాసానికీ ఒక మిల్లీమీటరే తేడా. 17 కొలతలో ఆల్ టెర్రైన్ రకాలు ఎక్కువగా దొరుకుతాయి కూడా.

ఐదవ మెట్టు: చట్టం, బీమా

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్న వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది చేసిన సవరణతో, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గాని, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించే వీలు కలిగింది. మీ మోడల్‌లోనే మరో వేరియంటుకు కంపెనీ ఇచ్చిన కొలతలో ఉండటం అన్నిటికన్నా నిశ్చింత. చక్రం మడ్‌గార్డు దాటి బయటికి పొడుచుకు వస్తే రోడ్డు మీద ఆపే అధికారికి మీరే కారణం చూపించినట్లవుతుంది. రిమ్ములు, టైర్లు మార్చాక బీమా కంపెనీకి బిల్లు నకలుతో రాతపూర్వకంగా తెలియజేసి, జవాబు భద్రపరచుకోండి. వారంటీ ఉన్న బండికి షోరూము వారి మాట కూడా రాతలోనే తీసుకోవాలి.

ఆరవ మెట్టు: రిమ్ము బండికి అమరడం

రిమ్ము వెనుక భాగాన్ని తిప్పి చూడకుండా కొనవద్దు. అసలు విషయమంతా అక్కడే చెక్కి ఉంటుంది. మొదటిది పీసీడీ, అంటే నట్ల రంధ్రాల మధ్యగా గీసిన వృత్తం వ్యాసం. థార్‌కు, జిమ్నీకి ఐదు నట్లు, 139.7 మిల్లీమీటర్లు. ఫార్చ్యూనర్‌కు ఆరు నట్లు, అదే 139.7. ఒకే పీసీడీ ఉన్నంత మాత్రాన థార్ రిమ్ము జిమ్నీకి అమరుతుందని అనుకోవద్దు. మధ్య రంధ్రం కొలత, ఆఫ్‌సెట్ కూడా కలవాలి. జిమ్నీ హబ్బుకు (రిమ్మును బిగించే ఇరుసు చివరి భాగానికి) మధ్య రంధ్రం 108 మిల్లీమీటర్లు ఉండాలి, అంతకంటే చిన్న రంధ్రమున్న రిమ్ము దానిపై కూర్చోదు. హబ్బు కంటే రంధ్రం పెద్దదైతే మధ్యలో రింగు వేసి సరిచేయవచ్చు. రింగు లేకుండా బిగిస్తే చక్రం నట్ల మీదే కేంద్రీకరించుకోవాలి, బిగింపులో ఏ కొంచెం తేడా ఉన్నా 80 దాటగానే స్టీరింగు వణుకుతుంది. రంధ్రాన్ని లేతు మీద తరిగించుకోవడం ఆటోనగర్‌లో అరగంట పనే, కాని అలా తరిగిన రిమ్మును బండికి బిగించవద్దనే నా సలహా.

ఆఫ్‌సెట్ అంటే రిమ్ము వెడల్పు మధ్యరేఖకూ హబ్బుకు ఆనే ముఖానికీ మధ్య దూరం. రిమ్ము మీద ఈటీ అన్న అక్షరాల పక్కన మిల్లీమీటర్లలో ఉంటుంది. ఆ సంఖ్య తగ్గేకొద్దీ చక్రం బయటికి వస్తుంది. ఒక ఉదాహరణ చూడండి. ఏడు అంగుళాల వెడల్పు, ఈటీ 30 ఉన్న రిమ్ము స్థానంలో ఎనిమిది అంగుళాల వెడల్పు, ఈటీ 10 ఉన్నది పెట్టారనుకుందాం. వెడల్పు పెరగడం వల్ల రెండు వైపులా 12.7 మిల్లీమీటర్లు చొప్పున పెరుగుతుంది, ఆఫ్‌సెట్ తగ్గడం వల్ల చక్రమంతా 20 మిల్లీమీటర్లు బయటికి జరుగుతుంది. ఫలితంగా బయటి అంచు 32.7 మిల్లీమీటర్లు బయటికి వస్తుంది, లోపలి అంచు సస్పెన్షన్‌కు 7.3 మిల్లీమీటర్లు దూరమవుతుంది. ఆ మూడు సెంటీమీటర్లే బండికి వెడల్పాటి రూపాన్నిస్తాయి. అవే బేరింగుల మీద భారం పెంచుతాయి, గతుకులో స్టీరింగును లాగుతాయి, తలుపుల మీదికి బురదను చిమ్ముతాయి. కంపెనీ ఆఫ్‌సెట్‌కు పది మిల్లీమీటర్లకు మించి దూరం పోకపోతే మంచిది. చక్రాన్ని బయటికి తేవడానికి హబ్బుకూ రిమ్ముకూ మధ్య పెట్టే స్పేసర్ల జోలికి పోవద్దు.

నట్ల సంగతి చాలామంది మరచిపోతారు. కంపెనీ రిమ్ము నట్టు కూర్చునే చోటు ఒక ఆకారంలో, కొత్త రిమ్ముది మరో ఆకారంలో ఉండవచ్చు. కొన్నిటికి శంకువులా వాలుగా, కొన్నిటికి గుండ్రంగా ఉంటుంది. ఆకారం కలవని నట్టు ఎంత బిగించినా సన్నని గీత మీదే ఆనుతుంది, దారిలో వదులవుతుంది. కొత్త రిమ్ములతో పాటు వాటికి తగిన నట్లు, పాత థ్రెడ్ కొలతలోనే తీసుకోవాలి.

చివరగా, ఒక్కో రిమ్ము ఎంత బరువు మోయగలదో కిలోలలో దానిమీదే ఉండాలి. జపాన్ ప్రమాణాన్ని సూచించే జేడబ్ల్యూఎల్, వీఐఏ గుర్తులు చాలా రిమ్ములపై కనిపిస్తాయి. భార సంఖ్యే లేని రిమ్మును, ఎవరి కాపీ డిజైనైనా సరే, అక్కడే వదిలేయండి.

ఏడవ మెట్టు: ఇనుమా, అల్లాయా

ఇనుప రిమ్ము బరువెక్కువ, దెబ్బ తగిలితే ఒంగుతుంది, ఒంగినదాన్ని ఏ పల్లెలోనైనా సుత్తితో కొట్టి గాలి నిలిచేటంత వరకు సరిచేయవచ్చు. పోత అల్లాయ్ (అల్యూమినియం మిశ్రమ లోహం) రిమ్ము తేలిక, చూడముచ్చట, కాని గట్టి దెబ్బకు పగులుతుంది. పగిలిన రిమ్మును వెల్డింగు చేయించి ముందు చక్రానికి బిగించడం ప్రాణాలతో ఆట. ఫ్లో ఫార్మింగ్ పద్ధతిలో చేసిన అల్లాయ్‌లో, పోత పోశాక రిమ్ము చట్రాన్ని వేడి మీద తిప్పుతూ ఒత్తి సాగదీస్తారు, అందువల్ల సన్నగా ఉన్నా బలం ఎక్కువ. రాళ్లలో తరచూ తిరిగేవారికి నల్లరంగు వేసిన కంపెనీ ఇనుప రిమ్ము కంటే చవకైన, నమ్మకమైన ఎంపిక లేదు. పదింట తొమ్మిది వంతులు రహదారి వాడకమైతే ఫ్లో ఫార్మింగ్ అల్లాయ్ తీసుకోండి.

ఎనిమిదవ మెట్టు: నలుపు

నలుపు రకరకాలు. నిగనిగలాడే నలుపు మీద సన్నని గీత కూడా కనిపిస్తుంది, ఇబ్రహీంపట్నం వైపు లారీల దుమ్ము మధ్య రోజూ తిరిగితే రెండో రోజుకే బూడిద రంగుకు తిరుగుతుంది. మెరుపు లేని మాట్ నలుపు గీతలను దాస్తుంది గాని, దాని గరుకుతనంలో బ్రేకు పొడి, నూనె మరకలు పట్టుకొని సులువుగా వదలవు. దానికి పాలిష్ వేస్తే అక్కడక్కడా మెరిసి అసహ్యంగా తయారవుతుంది. రెండింటికీ మధ్యదైన శాటిన్ నలుపు మన దుమ్ముకు, ఎర్రమట్టికి అన్నిటికన్నా అనువైనదని నా నమ్మకం. నలుపు మధ్యలో వెండి అంచులు చెక్కిన రకాలు దుకాణంలో మెరుస్తాయి. ఆ చెక్కిన చోట అల్యూమినియంపై పారదర్శకమైన పూత ఒక్కటే రక్షణ, కంకర తగిలి అది లేచిందంటే దాని కింద తెల్లటి తుప్పు దారాల్లాగా పాకుతుంది. సూర్యలంక ఉప్పు గాలికి వెళ్లివచ్చే బళ్లకు ఆ రకం అసలు పనికిరాదు.

కొత్త రిమ్ములు కొనకుండా ఉన్నవాటికే నలుపు వేయించుకోవడం కూడా మంచి ఆలోచనే, నిజానికి చాలామందికి అదే సరిపోతుంది. స్ప్రే పెయింటు చవక, కాని రాయి తగిలితే రేకులుగా లేస్తుంది. పౌడర్ కోటింగులో పొడి రంగును విద్యుదావేశంతో అతికించి, సుమారు 180 నుంచి 200 డిగ్రీల వేడిలో కాలుస్తారు, అది గట్టిగా నిలుస్తుంది. అల్లాయ్ రిమ్ముకు బలం వచ్చేది తయారీలో చేసిన వేడి శుద్ధి వల్లే కనుక, అంతకు మించిన వేడిలో కాల్చినా, మాటిమాటికీ కాల్చినా ఆ బలం తగ్గుతుంది. కొలిమి ఉష్ణోగ్రత ఎంతో, ఎన్ని నిమిషాలు ఉంచుతారో ముందే అడగండి. పాత రంగును మంటతో కాల్చి తీసే చోట పని ఇవ్వవద్దు.

పని ఇచ్చేటప్పుడు ఇంకొక మాట స్పష్టంగా చెప్పాలి. రిమ్ము హబ్బుకు ఆనే ముఖానికీ, నట్లు కూర్చునే గుంటలకూ రంగు పడకుండా పట్టీ వేయించాలి. అక్కడ పొడి రంగు మందంగా ఉంటే నట్టు రంగు మీద బిగుస్తుంది, కొన్నాళ్లకు ఆ రంగు నలిగి సన్నబడి, బిగించిన నట్టు దానంతటదే వదులవుతుంది. టైరు అంచు కూర్చునే చోట కూడా రంగు గడ్డలు కట్టకూడదు, గాలి మెల్లగా పోతుంది.

తొమ్మిదవ మెట్టు: బిగించే రోజు, ఆ తర్వాత

ఉదయం పూట, తొందర లేని రోజున వెళ్లండి. పాత రిమ్ముల్లో గాలి పీడనం చూపే సెన్సర్లుంటే వాటిని విరగకుండా తీసి కొత్త రిమ్ములకు అమర్చమని ముందే చెప్పాలి. బరువు సరిచేసే సీసం ముక్కలను నల్ల రిమ్ము బయటి అంచుకు కొట్టకుండా లోపలివైపు అతికించమనండి. అలైన్‌మెంటు టైర్లు మార్చిన వెంటనే చేయించాలి. నట్లను గాలి తుపాకీతో చివరిదాకా బిగించనివ్వకండి. బండి పుస్తకంలో ఉన్న టార్కుకు (బిగింపు బలానికి) కొలత పానాతో, ఒకదాని తర్వాత ఎదురుగా ఉన్నదాన్ని బిగించే వరుసలో బిగించాలి. 80 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ అదే టార్కుకు సరిచూడాలి.

స్టెప్నీ గురించి దుకాణంలో ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే ఐదో టైరు చెప్తే బేరం చెడుతుంది. థార్ లాంటి బళ్లలో ఫోర్ వీల్ వేసినప్పుడు ముందు, వెనుక ఇరుసులు ఒకే వేగంతో తిరగాలి. ఒక చక్రం వ్యాసం తక్కువైతే గట్టి నేల మీద గేర్లు ఒకదాన్నొకటి మెలితిప్పుకుంటాయి. కనుక ఐదు టైర్లూ ఒకే కొలతలో తీసుకోండి, వీలుకాకపోతే పంక్చర్ తర్వాత చిన్న స్టెప్నీతో టూ వీల్‌లోనే ఇంటికి చేరండి. మీ బండికి కంపెనీ ఇచ్చిన స్టెప్నీ మిగతా నాలుగింటి కొలతలోనే ఉందో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి. వెనుక తలుపుకు వేలాడే స్టెప్నీ బరువు పెరిగితే బందుల మీద భారం పెరుగుతుందని గుర్తుంచుకోవాలి.

గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గర అంటించిన పట్టికలో ఉంటుంది. అది చల్లని టైరుకు చెప్పిన లెక్క. ప్రతి ఐదారు డిగ్రీల వేడికి సుమారు ఒక పీఎస్‌ఐ (గాలి పీడనం కొలమానం) పెరుగుతుంది కనుక, మే నెల మధ్యాహ్నం హైవే మీద ఆగి చూస్తే ఎక్కువ కనిపిస్తుంది, దాన్ని తగ్గించవద్దు. ఇసుకలో దిగే ముందు 15 నుంచి 18 పీఎస్‌ఐకి, మెత్తని మట్టిలో 20 దగ్గరికి తగ్గించి, మెల్లగా నడిపి, తారు రోడ్డు ఎక్కగానే తిరిగి నింపాలి. అందుకు పన్నెండు వోల్టుల కంప్రెసరు బండిలో లేకపోతే గాలి తగ్గించనే వద్దు. తగ్గిన గాలితో కరకట్ట మీద వేగంగా వెళ్తే సైడ్‌వాల్ వేడెక్కి చీలిపోతుంది.

సముద్రతీరానికి వెళ్లి వస్తే అదే రోజు మంచినీళ్లతో రిమ్ములు లోపలా బయటా కడిగించండి. నల్లరేగడి బురద రిమ్ము లోపలివైపు ఎండితే బ్యాలెన్సు చెడి స్టీరింగు వణుకుతుంది, చాలామంది దాన్ని అలైన్‌మెంటు లోపమనుకొని మళ్లీ డబ్బు కడతారు. ప్రతి ఎనిమిది నుంచి పది వేల కిలోమీటర్లకు టైర్ల చోట్లు మార్చాలి, ఐదోది ఒకే కొలతైతే దాన్ని కూడా ఆ వరుసలో కలపాలి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు చేరితే టైరు పని చట్టప్రకారం అయిపోయినట్లే. ఆల్ టెర్రైన్ టైరు మట్టిలో పనిచేయడం అంతకు చాలా ముందే, నాలుగు మిల్లీమీటర్ల దగ్గరే, మానేస్తుంది. కాబట్టి ఏటా మే నెలాఖరులో కొలిపించి, నాలుగు లోపల ఉంటే తొలకరికి ముందే మార్చుకోండి.